వయ్యారిభామను తినే మెక్సికో పెంకుపురుగు: మూడు వానాకాలాల వాడకం తర్వాత నా అభిప్రాయం

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, ఇంట్లో తెలుగూ బడిలో మరాఠీ మాట్లాడే ఒక ఊళ్లో, ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఊరివాళ్లు ఇప్పటికీ గురూజీ అనే పిలుస్తారు. నాకు ఆరెకరాల నల్లరేగడి పొలం ఉంది. దానికి ఆనుకుని బడి మైదానం, స్మశానానికి వెళ్లే బండ్లబాట, ఎవరూ దున్నని కొంత గైరాన్ (ఊరి ఉమ్మడి మేత) భూమి ఉన్నాయి. ఈ మూడు చోట్లా వయ్యారిభామను అదుపు చేయడానికి మూడేళ్లుగా మెక్సికో పెంకుపురుగును వాడుతున్నాను. రెండుసార్లు డబ్బు పెట్టి తెప్పించుకున్నాను, మూడోసారి కొనవలసిన అవసరమే రాలేదు. చుట్టుపక్కల రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండే: ఈ పురుగు నిజంగా పనిచేస్తుందా, రేపు ఆ గడ్డి అయిపోయాక మన పంటల మీద పడదా? నేను చూసినదాన్ని, చదివి రూఢి చేసుకున్నదాన్ని కలిపి ఆ రెండు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఈ కలుపు గురించి మా ప్రాంతంలో కొత్తగా చెప్పవలసింది లేదు. మేము వయ్యారిభామ అనీ కాంగ్రెస్ గడ్డి అనీ అంటాం, మరాఠీవాళ్లు గాజర్ గవత్ అంటారు. ఆకు చూస్తే గాజర (క్యారెట్) మొక్క ఆకులాగే ఉంటుంది. మన దేశంలో ఇది వ్యాపించడం మొదట గమనించింది 1955లో, మా రాష్ట్రంలోని పుణేలోనే. అమెరికా నుంచి వచ్చిన గోధుమలతో కలిసి దిగిందని ఎక్కువమంది నమ్మకం. ఒక్కో మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు, ఆ విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి, తొలకరి చినుకు పడిన నెల నెలన్నరకే కొత్త మొక్క పూతకు వస్తుంది. దీనిలోని పార్థినిన్ అనే పదార్థం చర్మానికి దురద, పుండ్లు తెస్తుంది, దీని పుప్పొడి గాలిలో కలిసి కొందరికి ఉబ్బసం రేపుతుంది. పశువులు గత్యంతరం లేక మేస్తే పాలకు చేదు వస్తుంది.

నేను ఈ ప్రయత్నానికి పూనుకోవడానికి కారణం మా పొలంలో కలుపుకు వచ్చే ఒక పెద్దమ్మ. బడి మైదానం శుభ్రం చేయడానికి ఏటా ఆగస్టు 15కు ముందు ఆమెనూ మరో ఐదుగురినీ పిలిచేవాళ్లం. ఒక ఏడు పని ముగిసిన మూడోనాడు ఆమె మా ఇంటి గడపలో కూర్చుని మోచేతి మడతలు చూపించింది. చర్మం గరుకుబారి, నల్లగా మందమై, పగుళ్లలోంచి నీరు కారుతోంది. కనురెప్పలు రెండూ ఉబ్బి ఉన్నాయి. "గురూజీ, ఏ పనైనా చెప్పు చేస్త, ఆ గడ్డి కాడికి మాత్రం నన్ను పంపకు" అన్నది. ఆరుగురు మనుషులకు రెండు రోజుల కూలి కింద 3,600 రూపాయలు ఇచ్చి ఆమెకు నేను చేసింది ఇదా అని చాలా రోజులు బాధపడ్డాను. ఆ తర్వాత చేతులకు తొడుగులు లేకుండా ఆ మొక్కను ఎవరి చేతా పీకించలేదు.

మందు కొట్టి చూశాం. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే వారం పది రోజుల్లో మొక్క మాడిపోతుంది, ఆ మాట నిజమే; అయితే మాడిన మొక్క కింద ఉన్న విత్తనం తరువాతి వానకే మొలుస్తుంది, చుట్టూ ఉన్న గరిక, పశువులు మేసే మంచి గడ్డి కూడా పోవడంతో ఆ ఖాళీ నేలంతా మళ్లీ వయ్యారిభామకే దక్కుతుంది. పైగా 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని చీడపీడల నివారణకు అనుమతి పొందిన ఆపరేటర్ల ద్వారా మాత్రమే జరగాలని పరిమితం చేసింది. పిల్లలు ఆడుకునే మైదానంలో అది కొట్టించడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. ఉప్పునీళ్లు కొట్టమని కూడా చెబుతారు. రాళ్ల సందుల్లో, గోడ వారల్లో సరేగానీ నల్లరేగడిలో ఉప్పు పోసుకోవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇక పురుగు విషయానికి వస్తాను. దీని శాస్త్రీయ నామం జైగోగ్రామా బైకలరేటా. వయ్యారిభామ పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే, ఈ పురుగు పుట్టిల్లూ అదే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1983లో దీన్ని మెక్సికో నుంచి తెప్పించి, మన పంట మొక్కల మీద పరీక్షించి, 1984లో బయట వదిలారు. పెద్ద పురుగు పెసరగింజ కంటే కొంచెం పెద్దదిగా, గుండ్రంగా, మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ రంగు గీతలతో ఉంటుంది. ఒకసారి చూస్తే మరో పురుగుతో పొరపడే అవకాశం తక్కువ.

మొదటి కొనుగోలు దండుగ అయింది. ఇంటర్నెట్‌లో చూసి ఒక ప్రైవేటు అమ్మకందారు దగ్గర 500 పురుగులకు పార్సిల్ ఖర్చుతో కలిపి 1,800 రూపాయలు కట్టాను. అతను రోహిణి కార్తెలో, అంటే మే నెలాఖరు ఎండల్లో, బస్సు పార్సిల్‌లో పంపాడు. ప్లాస్టిక్ డబ్బా మూతకు నాలుగే రంధ్రాలు, లోపల ఎండిపోయిన రెండు కొమ్మలు. మూత తీయగానే కుళ్లిన వాసన వచ్చింది. తెల్ల గుడ్డ మీద పరచి లెక్కపెడితే కదులుతున్నవి నూట ఎనభై దాకా ఉన్నాయి. వాటిని వదలడానికి పచ్చని వయ్యారిభామ కూడా ఆ సమయంలో కాలువ గట్టున తప్ప ఎక్కడా లేదు. అక్కడే వదిలాను, వారం తర్వాత వెళ్లి చూస్తే ఒక్కటీ కనబడలేదు. ఫోను చేస్తే, వదలడం మీకు చేతకాలేదు అన్నాడు. నాకు అప్పటికి తెలియనిది, అమ్మేవాడు తప్పక చెప్పవలసినది ఏమిటంటే, ఈ పురుగు ఏడాది పొడుగునా పనిచేసేది కాదు. వానలు వెనుకబట్టి చలి మొదలయ్యాక అది మట్టిలోకి దిగి నిద్రావస్థలో ఉండిపోతుంది, మళ్లీ తొలకరి తడికి పైకి వస్తుంది. వేసవిలో దీన్ని అమ్మడం అంటే నాటే అదను కానప్పుడు నారు అమ్మడమే. వేసవి నెలల్లో ఆర్డరు తీసుకుని వెంటనే పంపిస్తామనే వాళ్ల దగ్గర కొనవద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండో ఏడు ఒక ప్రభుత్వ పరిశోధన కేంద్రం నుంచి, ఆరుద్ర కార్తె మొదలయ్యాక, రెండు మంచి వానలు పడి మొక్కలు జానెడు ఎత్తు పెరిగాక తెప్పించాను. ఈసారి ఖర్చు మొదటిసారి పెట్టినదానిలో మూడో వంతు కూడా కాలేదు. పెట్టె గాలి ఆడే జాలీతో ఉంది, లోపల తాజా వయ్యారిభామ కొమ్మలు తడి దూదితో కట్టి పెట్టారు, ఎలా వదలాలో హిందీలో ఒక కాగితం రాసి పెట్టారు. రెండు రోజుల ప్రయాణం తర్వాత కూడా 500లో చచ్చినవి నలభై లోపే. పెట్టెను చేరిన పూటే తెరవాలి, ఎండలో తెరవకూడదు. నేను సాయంత్రం ఆరు తర్వాత తెరిచాను.

వాటిని ఒక్కసారిగా మైదానమంతా చల్లలేదు. మైదానం ఈశాన్య మూలలో మొక్కలు దట్టంగా ఉన్న చోట మంచం మీద కట్టుకునే దోమతెరను నాలుగు కర్రలకు కట్టి, అంచుల మీద మట్టి కప్పి, సగం పురుగులను అందులో వదిలాను. మిగతా సగాన్ని బండ్లబాట పక్కన బయటే వదిలాను. దోమతెరలో వదలడం వల్ల అవి చెదిరిపోకుండా ఒక్కచోటే జతకట్టి గుడ్లు పెడతాయి, పిల్లలు పుట్టాక తెర తీసి కొమ్మలతో సహా కోసి వేరేచోట పెట్టుకోవచ్చు. రెండు పద్ధతుల మధ్య తేడా నెల తిరిగేసరికి బాగా కనిపించింది. బాట పక్క పురుగులు ఎటో చెదిరిపోయి పది మొక్కలకు ఒకటి రెండు కనిపించాయి, తెరలోపలి మొక్కలు మాత్రం మోడులయ్యాయి.

రోజూ పొద్దున్నే ఆ తెర దగ్గర కాసేపు కూర్చోవడం నాకు అలవాటైంది. ఆకు కింది వైపు లేత పసుపు గుడ్లు విడివిడిగానో, నాలుగైదు గుంపుగానో ఉంటాయి. నాలుగైదు రోజులకు వాటిలోంచి వచ్చే పిల్లపురుగు ఆవగింజంత కూడా ఉండదు, అది నేరుగా కొమ్మ చివరి లేత మొగ్గలోకి దూరి అక్కడే మేత మొదలుపెడుతుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఇదే. మనిషి కొడవలితో కోస్తే మొక్క కింద నుంచి నాలుగు పిలకలు వేస్తుంది, ఈ పిల్లపురుగు మాత్రం పిలక వచ్చే మొగ్గనే తినేస్తుంది. రెండు వారాల్లో ఒళ్లు నిండి, పసుపు రంగు తిరిగి, కాండం వెంట కిందికి దిగి మట్టిలో చేరుతుంది. అక్కడ ఓ పది రోజుల తర్వాత పెంకుపురుగై పైకి వస్తుంది. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి దాదాపు నెల పడుతుంది, అందుకే ఒక వానాకాలంలో మూడు తరాలు దాకా సాగుతాయి.

ఫలితం మాటకు వస్తే, వదిలిన ఏడాది కళ్లు చెదిరే మార్పు ఏదీ జరగలేదు. దోమతెర ఉన్న మూల, దాని చుట్టూ ఇరవై అడుగుల మేర మాత్రమే మొక్కలు ఎండాయి. ఆ ఏడు ఆగస్టు 15కు మైదానం శుభ్రం చేయడానికి మళ్లీ మనుషులనే పెట్టాం, తొడుగులూ పొడుగు చేతుల చొక్కాలూ ఇచ్చి. మార్పు మరుసటి ఏడు వచ్చింది. మృగశిర వాన పడిన పన్నెండో రోజున, ఎవరూ వదలకుండానే, మట్టి అంటిన వీపులతో పురుగులు వాటంతట అవే పైకి వచ్చి అప్పుడే రెండాకులు వేసిన మొలకల మీద పడ్డాయి. మఖ కార్తె నాటికి మైదానంలో మూడు వంతులు ఆకు లేని పుల్లలే మిగిలాయి, పూత పట్టినవి ఎక్కడో ఒకటి. ఈ ఏడు, అంటే మూడో వానాకాలం, కూలీలను పిలవలేదు. మిగిలిన పుల్లలను పదో తరగతి పిల్లలు కర్రలతో తట్టి పడేశారు. ఆ పెద్దమ్మకు మేము మైదానం పని చెప్పి ఇప్పటికి రెండేళ్లు.

అయినా ఇది చేయలేని పనులున్నాయి, వాటిని దాచి ఈ పురుగును పొగడడం రైతుకు మేలు చేయదు. పూత వచ్చి కాండం ముదిరిన మొక్కను ఇది ఏమీ చేయలేదు. ఆకులు కొంత తింటుంది కానీ విత్తనం రాలడం ఆగదు. ఉత్తర కార్తె దాటాక మొలిచిన మొక్కలు దాదాపు పూర్తిగా తప్పించుకుంటాయి, ఎందుకంటే అవి ఎదిగే సమయానికి పురుగులు మట్టిలోకి దిగడం మొదలుపెడతాయి. బోరు నీళ్లు పారే గట్ల మీద, కాలువ అంచుల్లో చలికాలం ఎండాకాలం అంతా పెరిగే వయ్యారిభామను ఇప్పటికీ చేత్తోనే తీయిస్తున్నాను. పంట పొలం లోపల దీన్ని వదలడం దాదాపు వృథా: మనం దున్నినప్పుడూ గుంటక తోలినప్పుడూ మట్టిలోని పిల్లపురుగులు నలిగిపోతాయి, పత్తికీ సోయాబీన్‌కూ కొట్టే పురుగుమందులు వీటిని కూడా చంపుతాయి. నా పొలం గట్టుకు పక్కవారు పత్తికి మందు కొట్టిన మరునాడు గట్టు మీద చచ్చి పడిన పురుగులను దోసిట్లో ఎత్తాను. ఇది బీడు భూములకు, బడులకు, రోడ్ల అంచులకు, స్మశానాలకు, పంచాయతీ స్థలాలకు తగిన సాధనం. చేనులోని కలుపుకు దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆస్ట్రేలియాలో ఇదే కలుపు మీద తొమ్మిది రకాల పురుగులనూ రెండు రకాల తుప్పు తెగుళ్లనూ వదిలారు: ఒకటి ఆకును, ఒకటి కాండాన్ని, ఒకటి విత్తనాన్ని పట్టేలా. మనకున్నది ముఖ్యంగా ఈ ఆకు తినే పురుగు ఒక్కటే. ఒక్క ఎద్దుతో అరక సాగదు కదా. కాబట్టి దీనికి తోడు మరొకటి కావాలి.

ఆ తోడుగా నేను తగిరిసను వాడాను. మరాఠీవాళ్లు తరోటా అనే ఈ మొక్క మన నేలల్లో ఎప్పుడూ ఉన్నదే. లేత ఆకు కూర వండుకుంటారు కూడా. వయ్యారిభామ స్థానంలో దీన్ని పెంచమని జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ వారు కూడా సిఫారసు చేస్తారు. అంతకు ముందే కాయలు కోసి పెట్టుకున్న గింజలను పురుగు తిని ఖాళీ చేసిన చోట మే నెలలో చల్లాను. తొలకరికి అది గుబురుగా లేచి నేలను కప్పేసింది, దాని నీడన మొలిచిన వయ్యారిభామ మొలకలు పాలిపోయి పురుగుకు సులభంగా చిక్కాయి. గింజ చల్లని బండ్లబాట పక్కన మాత్రం పురుగు తిన్న ఖాళీల్లో రెండో విడత వయ్యారిభామే వచ్చింది. పురుగును కొని తగిరిస గింజ చల్లని వాళ్లు సగం పనే చేసినట్టు.

ఇప్పుడు భయం సంగతి. రెండో ఏడు ఆగస్టులో మా పక్క పొలం రైతు, వరసకు నాకు అల్లుడు, పొద్దున్నే వచ్చి, "మామా, నీ పురుగులు నా వంగతోటల పడ్డయి, ఆకులన్నీ జల్లెడ చేసినయి" అని గొడవకు దిగాడు. నాకు నిజంగా గుండె జారింది. చెప్పులైనా వేసుకోకుండా అతని వెంట వెళ్లాను. వంగ ఆకు మీద ఉన్నది ఇటుక రంగు వీపు మీద నల్లని చుక్కలున్న పురుగు, ఆకు పచ్చదనాన్ని గీకి ఈనెలు వదిలేసింది: మనవాళ్లందరికీ తెలిసిన అక్షింతల పురుగు. నా పురుగును ఒకదాన్ని చేతిలో పెట్టుకుపోయి పక్కన పెట్టి చూపించాను. ఒకదానికి చుక్కలు, మరొకదానికి గీతలు. అతను నమ్మాడు, అయినా ఆ రోజు నేను ఇంటికి వచ్చి, పురుగు వదిలేముందు చుట్టుపక్కల పొలాలవాళ్లను పిలిచి దీన్ని చూపించి ఉండవలసింది అనుకున్నాను. వదిలేవాళ్లు ముందు ఆ పని చేయండి.

మా ప్రాంతంలో అసలైన అనుమానం వంగ గురించి కాదు, పొద్దుతిరుగుడు గురించి రావాలి. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు, కుసుమ, బంతి, చామంతి అన్నీ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. మరాఠ్వాడాలో పొద్దుతిరుగుడు, కుసుమ పండించిన రైతులు చాలామంది ఉన్నారు. 1990ల తొలినాళ్లలో కర్ణాటకలో ఈ పురుగు పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతున్నట్టు కనిపించినప్పుడు పెద్ద అలజడే రేగింది, ప్రభుత్వం నిజనిర్ధారణ కమిటీని వేసింది. పరిశోధకులు కారణం వెదికితే తేలిందేమిటంటే, చుట్టూ ఉన్న వయ్యారిభామ పుప్పొడి గాలికి కొట్టుకువచ్చి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడినచోట, ఆ పుప్పొడి రుచికి పురుగు ఆకును కొరుకుతోంది. ఆ పంట మీద ఇది తరతరాలుగా నిలబడి బతకలేదు. దీన్ని వదిలి నలభై ఏళ్లు దాటింది, దక్షిణాఫ్రికాలో 2013లోనూ ఇథియోపియాలో 2016లోనూ తమ పంటల మీద మళ్లీ పరీక్షించుకున్నాకే వదిలారు. అయినా పొద్దుతిరుగుడు చేనుకు ఆనుకుని వయ్యారిభామ గుబురు ఉంటే, ఆ గుబురును పూతకు ముందే తీసేయడం రైతుకు రెండు విధాల మంచిది.

నాకు పొద్దుతిరుగుడు కంటే బంతి మీద దిగులెక్కువ. మా ఇళ్లలో బతుకమ్మ పేరుస్తారు, దసరాకు బంతి లేని గుమ్మం ఉండదు, దాని కోసం మా కోడలు ఏటా పది గుంటల్లో బంతి వేస్తుంది. ఆ మడి బడి మైదానానికి నూరు అడుగుల దూరంలోనే ఉంది. మైదానంలో ఆకు అయిపోయిన రోజుల్లో పురుగులు ఎగిరివచ్చి ఆ మడిలో వాలడం నేను, కోడలు ఇద్దరం చూశాం. పదిహేను రోజులు పొద్దునా సాయంత్రమూ చాళ్ల వెంట తిరిగి ఆకులు తిప్పి చూశాం. వాలాయి, కాసేపు నిలిచాయి, ఎగిరిపోయాయి. కొరికిన ఆకు ఒక్కటీ లేదు, గుడ్డు ఒక్కటీ లేదు. రెండు బంతి మొక్కలను కుండీల్లో దోమతెర కట్టి ఇరవై పురుగులను లోపల వదిలి కూడా చూశాను. ఆరో రోజుకు పురుగులు తెరను పట్టుకుని వేలాడుతున్నాయి, బంతి ఆకు చెక్కుచెదరలేదు. మళ్లీ వయ్యారిభామ కొమ్మ ఒకటి లోపల పెట్టగానే గంటలో అన్నీ దాని మీదికి చేరాయి. ఆ ఏడు బతుకమ్మకు ఆ మడిలోని పూలనే పేర్చాం.

పురుగుతో కలుపును అదుపు చేయడం మన దేశానికి కొత్తది కాదు. 1795లో ఎర్ర రంగునిచ్చే కొచినీల్ పురుగు అనుకుని బ్రెజిల్ నుంచి కలకత్తాకు తెచ్చినది నిజానికి దాని దగ్గరి చుట్టం. రంగు సరిగా రాలేదు కానీ అది ఒక జాతి నాగజెముడును తినేసింది. 1830లలో దాన్ని దక్షిణాదికి తెచ్చి వదిలితే ఇక్కడా పనిచేసింది. ముళ్లు ఎక్కువగా ఉండే మరో నాగజెముడు దానికి లొంగకపోతే 1926లో సింహళం నుంచి ఇంకో కొచినీల్‌ను తెప్పించారు. మా తాతల కాలంలో ఊరి చుట్టూ కోటగోడలా ఉండిన నాగజెముడు ఇప్పుడు అక్కడక్కడా మాత్రమే కనిపిస్తుంది.

జాగ్రత్త ఎంత అవసరమో చెప్పే కథలూ ఉన్నాయి. అత్తాకోడళ్ల పూల చెట్టు అని పిల్లలు ముద్దుగా పిలుచుకునే లాంటానా అడవులను కమ్మేస్తుంటే, 1941లో ఒక చిన్న నల్లిజాతి పురుగును ఆస్ట్రేలియా నుంచి డెహ్రాడూన్ తెప్పించారు. అక్కడి నిర్బంధశాలలో అది టేకు పూలను కూడా రుచి చూడడంతో దాన్ని వదలకుండా చంపేశారు, అయినా ఎలాగో తప్పించుకుని దేశమంతా పాకింది. టేకు అడవులే జీవనాధారమైన మన గడ్చిరోలి వైపు, సిరొంచా, అల్లాపల్లి తెలుగువాళ్లకు ఈ కథ విన్నప్పుడు గుబులు కలగడం సహజం. అడవిలో టేకుకు దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. వయ్యారిభామ మీదికే కాండంలో బుడిపెలు పుట్టించే ఒక చిమ్మటను కూడా 1980లలో తెప్పించారు. ఆస్ట్రేలియాలో అది బాగా పనిచేస్తున్నదే, మన పరీక్షల్లో మాత్రం వెర్రినువ్వుల మొక్క మీద కూడా పెరిగి తరం నిలుపుకోగలదని తేలడంతో ఆ పెంపకాన్నంతా ధ్వంసం చేశారు. వెర్రినువ్వులు పండించుకునే గిరిజన రైతు కోసం ఒక మంచి ఆయుధాన్ని వదులుకున్నారు. ఆ నిర్ణయం పట్ల నాకు గౌరవం ఉంది, ఈ పురుగు మీద నా నమ్మకానికి అది కూడా ఒక కారణం.

పరీక్ష ఒక దేశానికి చేస్తే మరో దేశానికి సరిపోదు. 1926 నుంచి ఆస్ట్రేలియాలో నాగజెముడును తుడిచిపెట్టిన కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మట, 1957లో కరీబియన్ దీవుల్లో వదిలాక, 1989 నాటికి అమెరికాలోని ఫ్లోరిడా చేరి అక్కడి స్వదేశీ జెముడు జాతులకే ముప్పైంది. అందుకే విదేశీ పురుగును అనుమతి లేకుండా తెచ్చుకోవడాన్ని మన చట్టం ఒప్పుకోదు. "ఏ కలుపునైనా తినే పురుగు" అని ఎవరైనా అమ్మితే కొనకండి: ఏ కలుపునైనా తినేది ఏ పంటనైనా తింటుంది. మా సర్పంచ్ చెరువులోని గుర్రపు డెక్క కోసం నా దగ్గర పురుగులు అడిగాడు. దానికి నియోకెటినా అనే వేరే ముక్కుపురుగు ఉంది, అది ఏళ్ల తరబడి ఓపికగా పనిచేసేది. నా పురుగు నీటి మొక్కను ముట్టదని చెప్పి పంపాను.

కొనాలా వద్దా అంటే, మహారాష్ట్రలో ఉన్నవాళ్లు ముందు జూలై, ఆగస్టుల్లో తమ ఊరి రోడ్ల పక్కన, స్టేషన్ దారుల్లో వయ్యారిభామ కొమ్మ చివర్లను వంచి చూడాలి. చివరి ఆకులు జల్లెడ పడి ఉంటే దాని కింద గీతల పురుగు దొరుకుతుంది. నలభై ఏళ్లలో ఇది చాలా జిల్లాలకు తనంతట తానే పాకింది. మూడో ఏడు స్మశానం బాట కోసం నాకు కావలసిన మూడు వందల పురుగులు ధర్మాబాద్ పోయే దారి పక్కనే ఒక పూటలో దొరికాయి. దొరకని చోటే కొనండి, ఆరుద్ర తర్వాతే కొనండి, ప్రభుత్వ పరిశోధన కేంద్రం లేదా కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా అడగండి. ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు జరిగే పార్థీనియం (వయ్యారిభామ) అవగాహన వారంలో అడిగితే వాళ్ల దగ్గర సలహా సులభంగా దొరుకుతుంది, అయితే వదలడానికి ఆగస్టు నెలాఖరు ఆలస్యం, జూలైలోనే అడగండి.

వచ్చే వానాకాలం మా బడి మైదానంలో మిగులు పురుగులు ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా జూలైలో వచ్చి ఏరుకుపోవచ్చు, డబ్బు అక్కర్లేదు. పొద్దున ఎనిమిది లోపు రండి, అప్పుడవి చల్లగా కదలకుండా ఉంటాయి. నోరు వెడల్పు సీసా, మూతికి కట్టడానికి పలుచని గుడ్డ, మోచేతుల దాకా వచ్చే తొడుగులు తెచ్చుకోండి. మైదానం తూర్పు వైపు గేటు నుంచి రండి, పడమటి వైపు తగిరిస లేతగా ఉంటుంది, తొక్కకండి.